ఇంట్లో చూసినవి

హిందూపురం పేటవీధిలో గఫార్ ఫోటో స్టూడియో అంటే వాళ్ళ ఇంటి ముందు గదే. దాని వెనక, ఫోటోలు కడగడానికి కిటికీ లేని చిన్న చీకటి గది. ఆ వెనక రెండు గదుల ఇల్లు, పంచ, పెరడు. పెరట్లో ఒక అంజూర చెట్టు, ఒక దానిమ్మ, గోడవారన నాలుగు వంగ మొక్కలు, గిలక బావి. గఫార్ భార్య హసీనాబీ పన్నెండేళ్ళపాటు ఆ ఇల్లు దాటి పోయింది చాలా తక్కువ.

ఆమెను ఎవరూ కట్టిపెట్టలేదు. పెళ్ళయిన మూడో ఏడు అత్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. మనిషిని వదిలి కదలడానికి లేకపోయింది. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం చెరో వైపు మంచం పట్టుకుని అత్తను పంచలోకి తెచ్చేవాళ్ళు. ఆ తర్వాత గఫార్ స్టూడియోలోకి పోయేవాడు. ఆడవాళ్ళిద్దరూ పెరటికేసి చూస్తూ ఉండిపోయేవాళ్ళు. పిల్లలు కలగలేదు. “ఎత్తిపొడవడానికి అత్తకు మాట లేదు, దాని అదృష్టం” అని వీధిలో ఒకామె అంటే, హసీనాబీ ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. మాట ఉన్న రోజుల్లో కూడా అత్త ఆమెను పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు.

చూసే కళ్ళు రెండు జతలు, చూడటానికి ఉన్నది ఆ పెరడు. అందులో వాలిన పిట్ట ఏదీ వాళ్ళ కన్ను దాటిపోయేది కాదు. అత్త ముందు చూస్తే ఎడమచేతి వేళ్ళతో మంచంపట్టె మీద కొట్టేది. హసీనాబీ పొయ్యి దగ్గరున్నా, బావి దగ్గరున్నా ఆ చప్పుడుకు తలెత్తి, అత్త చూపు ఎటు పోతే అటు చూసేది. ఇది ఒక గొప్ప పనని గాని, ఎవరికైనా చెప్పుకోదగ్గదని గాని వాళ్ళిద్దరిలో ఎవరూ అనుకోలేదు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరులో గఫార్ పెనుకొండ బడికి గ్రూపు ఫోటో తియ్యడానికి పోయాడు. పిల్లల్ని వరసలుగా కూర్చోబెట్టే సరికి మబ్బు కమ్మింది. ఎండ కోసం ఎదురుచూస్తూ నిలబడితే, పక్కనున్న డ్రాయింగు మాస్టరు గంగాధరప్ప కొండరాళ్ళ వైపు వేలు చూపించాడు.

“ఆ పికిలిపిట్ట చూడు గఫార్ సాబ్. గొంతు పసుప్పచ్చగా ఉండాది.”

“పికిలిపిట్టకు గొంతు పచ్చగా యాడుంటాది సార్? మా ఊళ్ళో వాటికి తోక కింద ఎరుపు, అంతే.”

“ఇది ఈ కొండలో పిట్ట. మీ ఊరి పిట్ట గాదు.”

ఆ మాటా ఈ మాటా సాగుతూ పోయింది. మబ్బు తొలగి, ఎండ వచ్చి, హెడ్మాస్టరు రెండుసార్లు దగ్గిన తర్వాతగాని గఫార్ కెమెరా దగ్గరికి రాలేదు. గంగాధరప్పకు ధర్మవరంలో ఓబుళప్ప అని ఒక స్నేహితుడు ఉండేవాడు. పట్టుచీరలు నేసే మనిషి. మగ్గం మీద నుంచి లేచిన రోజున చెరువు గట్టు మీద నడుస్తూ ఏ పిట్టను చూసినా స్నేహితునికి కార్డు రాసేవాడు. వీళ్ళిద్దరి కార్డుల సంగతి విని గఫార్ ఒక మాటన్నాడు: “కార్డులెందుకు, ఒక పుస్తకం పెడదాం. మూడూళ్ళూ తిరగనీ.” ఒక పొడుగాటి పుస్తకానికి అట్ట వేసి, గీతలు గీసి, తేదీ, వేళ, చోటు, పిట్ట, అది ఏం చేస్తున్నది అని గంగాధరప్ప అందమైన అక్షరాలతో రాశాడు. కంటితో చూసింది తప్ప ఊళ్ళో వాళ్ళు చెప్పగా విన్నది రాయకూడదని ఒక్కటే నియమం. హిందూపురం నుంచి పెనుకొండకు, అక్కడి నుంచి ధర్మవరానికి, మళ్ళీ పెనుకొండ మీదుగా వెనక్కి. నెలకొకసారి టపాలో పుస్తకం చుట్టి వచ్చేది.

తీరా మొదటిసారి పుస్తకం ఇంటికొచ్చినప్పుడు గఫార్‌కు రాయడానికి ఏమీ లేదు. ఆ నెలంతా పెళ్ళిళ్ళు. పొద్దస్తమానం నల్లగుడ్డ కింద తల దూర్చినవాడికి పిట్టలెక్కడ కనిపిస్తాయి? పంచలో కూర్చుని కలం నోట్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“హసీనా, ఈ నెల్లో నువ్వేమన్నా పిట్టల్ని చూసినావా?”

“నేను యాడికి పోయి చూసేది? ఈడనే చూసినా.”

“ఈడేముండాయిలే. కాకులు, గోరింకలు.”

హసీనాబీ జొన్నపిండి కలిపే చెయ్యి ఆపింది. “కిరీటం పెట్టుకున్న కూకుడుగువ్వ వచ్చి, బావి పక్కన నేలను ముక్కుతో పొడిచి పొడిచి పురుగుల్ని తీసె. అది అత్తకు తలంటు పోసిన దినం. తోక ఊపుకుంటా నడిచే బూడిదరంగు పిట్ట ఈ యేటికి మొదటిసారి వచ్చె, అది పాలు పోసే ఆయమ్మ రాని దినం. పసుప్పచ్చ వంగపండు పిట్ట అంజూర పండ్లకొచ్చె, రెండు మాట్లు. ఆకులు కుట్టే దర్జీపిట్ట మన ముసుగు దుప్పట్లోంచి దూది పీక్కొని పోతాండాది, ఎందుకో ఇంకా చూడల్ల.”

గఫార్ కలం నోట్లో నుంచి తీశాడు. “తలంటు పోసింది యా వారం?”

“శుక్రవారం.”

అట్లా ఒక్కొక్కటీ వారాలకు మార్చి, వారాల్ని తేదీలకు మార్చి, సగం పేజీ నింపాడు. తను చూడనిది తన పేరు కింద రాయకూడదు. పెళ్ళాం పేరు పరాయి మగవాళ్ళ చేతుల్లో తిరిగే పుస్తకంలో రాయడానికి మొగమాటం అడ్డొచ్చింది. చివరికి పైన ‘ఇంట్లో చూసినవి’ అని రాసి కింద గీత కొట్టాడు.

పుస్తకం తిరిగి వచ్చేసరికి ఆ పేజీ అంచుల్లో చోటు లేదు. గంగాధరప్ప ఎర్రసిరాతో, ఓబుళప్ప పెన్సిలుతో ప్రశ్నలు రాశారు. ‘తోక ఊపే పిట్ట మా ఊరికి ఐదు రోజుల తర్వాత వచ్చినది. ఇంట్లోవారు చూచిన తేదీ నిశ్చయమేనా?’ అని ఒకరు. ‘దూది ఎందుకో తెలిసిందా?’ అని మరొకరు.

“ఏమంటాండారు?” అని అడిగింది హసీనాబీ. గఫార్ చదివి వినిపించాడు. ఆమె అత్త వైపు తిరిగి, “మనల్ని అడుగుతాండారు అత్తా” అంది. అత్త ఎడమచేతి వేళ్ళు పట్టె మీద రెండుసార్లు చప్పుడు చేశాయి.

దూది ఎందుకో అప్పటికి తెలిసింది. అంజూర చెట్టులో వెడల్పాటి రెండాకుల అంచులు ఒకచోటికి లాగి, ముక్కుతో బెజ్జాలు చేసి, దూదిని దారంలా దూర్చి సంచీలా కుట్టి, అందులో గూడు పెట్టింది ఆ చిన్న పిట్ట. కుట్టేది రెండూనా, ఒకటేనా అని గంగాధరప్ప తర్వాతి నెల అడిగాడు. హసీనాబీ మూడు రోజులు అదే పనిగా చూసి జవాబు చెప్పింది. గఫార్ ఆమె అన్నది అన్నట్టే రాశాడు: ‘కుట్టేది ఒకటే. రెండోది పక్కన కూచోని అరుస్తాంటాది.’ దాని కింద ఓబుళప్ప పెన్సిలుతో, ‘మా మగ్గం ఇంట్లోనూ అంతే. పక్కన కూచుని అరిచేది నేనే’ అని చేర్చాడు.

ఆ రోజు నుంచి పుస్తకం అందిందంటే పెనుకొండలో గంగాధరప్ప ముందు ఆ శీర్షిక కిందే చూసేవాడు. వానలకు ముందు ఏ పిట్ట ఎప్పుడు గొంతు విప్పిందీ, జొన్నలు కంకి పట్టినప్పుడు గులాబీరంగు గోరింకలు ఎన్ని గుంపులుగా మిద్దెల మీదుగా పోయిందీ, చలికాలంలో ఎవరు కొత్తగా వచ్చిందీ, ఎండలు ముదిరేలోగా ఎవరు వెళ్ళిపోయిందీ, అన్నీ ఆ పెరట్లో నుంచి కనిపించినంత మేర అందులో ఉండేవి. ఊళ్ళు తిరిగే మగవాళ్ళు పది చోట్ల పది పిట్టల్ని చూసేవారు. ఆమె ఒక పిట్టను పది రోజులు చూసేది.

ముప్పై ఎనిమిదిలో దర్జీపిట్ట మళ్ళీ అదే అంజూర చెట్టులో, చెయ్యెత్తు కొమ్మన గూడు కట్టినప్పుడు గఫార్‌కు ఫోటో తియ్యాలని ఆశ పుట్టింది. కెమెరా తెచ్చి పెరట్లో నిలబెట్టాడు. అతను పెరట్లో ఉన్నంతసేపూ పిట్టలు గోడ మీద నుంచి అరుస్తూనే ఉన్నాయి గాని గూటి దగ్గరికి రాలేదు. పొద్దు గూకేదాకా కూర్చుని, పిల్లలు పస్తుంటాయని జాలేసి లేచాడు.

“నువ్వంటే బెదురు వాటికి” అంది హసీనాబీ. “దాన్ని ఆడే వదిలి నా పాత చీర కప్పు. నేను తిరుగుతాంటే అవి వస్తాయి.”

నాలుగు రోజులు కెమెరా చీర కప్పుకుని చెట్టు ముందే ఉంది. పిట్టలు దాన్ని లెక్కచెయ్యడం మానేశాయి. ఐదో రోజు గఫార్ గూటి మీదికి కెమెరా కన్ను కుదిర్చి, గాజు ప్లేటు పెట్టి, పొడుగాటి రబ్బరు గొట్టాన్ని ఎనిమిది అడుగుల దూరం లాగి, దాని కొసనున్న రబ్బరు బుడ్డిని ఆమె చేతిలో పెట్టాడు. “పిట్ట గూటి మీద నిలబడి కదలకుండా ఉంటాదే, అప్పుడు నొక్కు. ముందర నొక్కాకు, తర్వాత నొక్కాకు” అని చెప్పి స్టూడియోలోకి పోయి తలుపు మూసుకున్నాడు.

ఆమె చేటలో బియ్యం పోసుకుని కూర్చుని, కుడిచేత్తో రాళ్ళు ఏరుతూ, ఎడమచేతిలో బుడ్డి పట్టుకుంది. పిట్ట వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. మొదటి ప్లేటు తొందరపడి నొక్కింది. గఫార్ వచ్చి రెండోది పెట్టి పోయాడు. ఈసారి ఆమె తొందరపడలేదు. పిట్ట రాకపోకల్లో ఒక లయ ఉంది: వాలుతుంది, అటూ ఇటూ చూస్తుంది, ఒక్క రెప్పపాటు మెడ చాచి ఆగుతుంది, అప్పుడు తినిపిస్తుంది. ఆ ఆగే క్షణం ఎప్పుడొస్తుందో ఆమె ఒంటికి తెలిసేదాకా ఆరుసార్లు పోనిచ్చి, ఏడోసారి నొక్కింది.

మొదటి ప్లేటులో ఒక తోక మసకగా పడింది. రెండోదానిలో, ముక్కున పచ్చపురుగుతో తల్లి, గూటి అంచున నాలుగు తెరిచిన నోళ్ళు, ఆకుల మీది కుట్లు కూడా లెక్కపెట్టుకునేంత తేటగా వచ్చాయి. గఫార్ దాన్ని పుస్తకంలో అతికించి, కింద ఇలా రాశాడు: ‘కెమెరా పెట్టింది నేను. ఫోటో తీసింది ఇంట్లోవారు.’

పుస్తకం ఆ నెల ధర్మవరం నుంచి వారం ఆలస్యంగా వచ్చింది. ‘మా ఇంట్లో వాళ్ళు, చుట్టుపక్కల మగ్గాలవాళ్ళు చూసి ఇచ్చేదాకా పంపలేకపోయినాను, మన్నించాలి’ అని ఓబుళప్ప రాశాడు.

ఓబుళప్పను ఆమె మొదటిసారి చూసింది నలభైలో, దసరా అయిన వారానికి. ఆ రోజు గఫార్ లేపాక్షికి పెళ్ళి ఫోటోలకు పోయాడు. మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. ఆమె తలుపు వెనక నిలబడి ఎవరని అడిగింది.

“నేను ధర్మవరం ఓబుళప్పనమ్మా. పిట్టల పుస్తకం... గఫార్ అన్న ఉండాడా?”

“ఊరికి పోయినాడు. మాపు వస్తాడు.”

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. “అంతసేపు బతుకుతాదో లేదో తెలీదమ్మా. తెల్లారుజామున నా మగ్గం గుంటలో పడింది. యా పిట్టో నాకు తెలీడంల్యా. ఏం పెట్టినా తినడంల్యా. కార్డు రాస్తే జవాబు వచ్చే లోపల సచ్చిపోతాదని రైలెక్కి వచ్చేసినా.”

హసీనాబీ కొంగు తల మీదికి లాక్కుని తలుపు తీసింది. గడప అవతల తలుపంత మనిషి, చేతిలో పట్టుదారం కండెలు పెట్టుకునే వెదురుబుట్ట, దాని మీద రవికగుడ్డ. గుడ్డ తీసి చూసింది. వెన్ను ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద కుంకుమ పోసినట్టు ఎరుపు. తోక మాత్రం ఎవరో కత్తిరించినట్టు పొట్టిది. కళ్ళు సగం మూసుకుని ఉంది.

“ఇది మా ఇంట్లోనూ పడె, రెండేండ్ల కిందట” అంది. “యాడినుంచో దూరం నుంచి ఎగురుకుంటా వచ్చి అలిసిపోయి పడతాది. అప్పుడు నాకు తెలీక వెలుతుర్లో పెట్టి, నూకలేసి, అందరమూ చుట్టూ నిలబడి చూస్తిమి. బెదిరి సచ్చిపోయె. దీనికి ఏం చెయ్యకూడదో నాకు తెలుసు.”

బుట్ట తీసుకుని సరాసరి చీకటి గదిలోకి పోయింది. బల్ల మీదున్న సీసాలు పక్కకు జరిపి, గోనెసంచి పరిచి, బుట్ట అక్కడ పెట్టి, చిన్న మూతలో నీళ్ళు పెట్టింది. ఓబుళప్ప బావి పక్కన తడిమట్టి తవ్వి వానపాములు తెచ్చాడు. తలుపు మూసి, ఇద్దరూ పంచలోకి వచ్చారు. ఆయనకు అన్నం పెట్టింది. తిన్నంతసేపూ ఆ పెద్ద మనిషి మాటిమాటికీ చీకటి గది వైపే చూశాడు.

సాయంత్రం గఫార్ వచ్చి స్నేహితుణ్ణి చూసి కౌగిలించుకున్నాడు. సంగతి విని, తలుపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. “పెళ్ళి ప్లేట్లు కడగల్ల గదా హసీనా.”

“రేపు కడుగు. పెళ్ళి అయిపోయింది గదా, యాటికీ పోదు.”

తెల్లవారి చూస్తే వానపాములు లేవు. బుట్ట అంచు మీద పిట్ట నిటారుగా నిలబడి ఉంది. హసీనాబీ బుట్టను దానిమ్మ కింద రాలిన ఆకుల్లో పెట్టి దూరంగా వచ్చింది. అది ఒక్క గెంతు గెంతి దిగి, ముక్కుతో ఆకుల్ని అటూ ఇటూ తిరగేసి, ఏదో ఏరుకుని తిన్నది. రెండు రోజులు ఆ చెట్టు కిందే తిరిగి, మూడో రోజు కనిపించలేదు. ఉన్న రెండు రోజులూ అత్త మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు. ఓబుళప్ప ఊరికి పోతూ హసీనాబీతో, “పోయొస్తా అక్కా” అన్నాడు. ఆ పిలుపు ఆ తర్వాత మారలేదు.

మరుసటి ఏడు అత్త పోయింది. పొద్దున్నే పంచలోకి మంచం మోసే పని లేక మొగుడూ పెళ్ళాం కొన్నాళ్ళు ఏం చెయ్యాలో తెలియక తిరిగారు. యుద్ధం వచ్చి ప్లేట్లు, కాగితం, ఫోటోలు కడిగే మందులు దొరకడం కష్టమైంది. పుస్తకంలో ఫోటోలు తగ్గి, మాటలు పెరిగాయి. నలభై మూడు వానాకాలంలో గఫార్‌కు విషజ్వరం వచ్చింది. పందొమ్మిది రోజులు ఉండి, ఇరవయ్యో రోజు పొద్దున పోయాడు.

వాళ్ళ మతంలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. గంగాధరప్ప, ఓబుళప్ప అంత్యక్రియలకు వచ్చి, వీధిలోనే నిలబడి, మగవాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోయారు. ఆమెతో ఒక్క మాట చెప్పడానికి దారి లేదు. పది రోజులకు టపా మనిషి గడపలో పుస్తకం పెట్టి పోయాడు. గంగాధరప్పకు ఇంకేం చెయ్యాలో తోచక, దాని వంతు ప్రకారం పంపించాడు. అందులో ఆయన ఓదార్పు ఏమీ రాయలేదు. ‘ఇంట్లో చూసినవి’ అని తన అందమైన అక్షరాలతో పైన రాసి, కింద గీత గీసి, పేజీ అంతా ఖాళీగా వదిలాడు.

ఆ గీత కింద ఖాళీ చూసి హసీనాబీ మొదటిసారి గట్టిగా ఏడ్చింది. రాసే మనిషి లేడు. ఆమెకు తెలుగు మాట్లాడటమే తప్ప అక్షరం రాదు. చిన్నప్పుడు పుట్టిల్లు అగళిలో ఒక ముసలామె దగ్గర ఖురాను చదవడం, ఉర్దూ అక్షరాలు రాయడం నేర్చుకుంది. అంతే. రెండు రోజులు పుస్తకం పెట్టె మీదే ఉంది. మూడో రోజు పెరట్లోకి పోయి వచ్చి, గఫార్ కలం తీసుకుని, కుడివైపు నుంచి మొదలుపెట్టింది.

పెనుకొండలో ఆ పేజీ తెరిచి గంగాధరప్ప నివ్వెరపోయాడు. బడిలో ఉర్దూ చెప్పే మొహిద్దీన్ సాబ్ దగ్గరికి పరుగున పోయాడు. ఆయన అద్దాలు పెట్టుకుని, మొదటి వరస చదవబోయి, ఆగి, మళ్ళీ చదివి నవ్వాడు.

“ఇది ఉర్దూ గాదు సార్.”

“మరేంది?”

“అక్షరాలే ఉర్దూవి. మాట మీదే. తెలుగు.”

ఆయన నెమ్మదిగా చదువుతుంటే గంగాధరప్ప కింద తెలుగులో రాసుకున్నాడు. ‘పన్నెండు దినాల్నించి నేను పెరట్లోకి పోలేదు. ఈపొద్దు పోయినా. దానిమ్మ చెట్లో పికిలిపిట్ట గూడు కట్టి రెండు గుడ్లు పెట్టుండాది. నేను చూడకపోయినా అది కట్టుకొనుండాది. ఆయనకు చెప్దామని లోపలికి వచ్చినా. వచ్చినాక గ్యాపకం వచ్చె. అందుకే మీకు చెప్తాండా.’

 చదవడం అయ్యాక గంగాధరప్ప, “సాబ్, ఈ అక్షరాలు నాకు నేర్పు” అన్నాడు. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. నెలనెలా మరొకరిచేత చదివించుకుంటే ఆమె మనసు విప్పి రాయలేదేమోనని ఆయన భయం. ఆరు నెలలు పలక మీద దిద్ది, ఆమెకు తన చేత్తో మొదటి ఉత్తరం రాశాడు. చుక్కలు తారుమారై ‘చిలుక’ అని రాయబోయింది ఇంకేదో అయింది. ఎప్పటికీ అదేమిటో హసీనాబీ ఆయనకు చెప్పలేదు. చెప్పబోతే నవ్వొచ్చేది.

స్టూడియో మూతపడే ఉంది. పక్కింటి చిన్నక్క ఒక రోజు వచ్చి కూర్చుంది. “మా అమ్మకు ఎనబై ఏండ్లు. ఫోటో తీసుకోమంటే మగోని ముందర కూచోనని జన్మంతా మొండికేసింది. నువ్వు తీస్తావా?”

“నాకు నొక్కేది ఒకటే తెలుసు చిన్నక్కా. మిగతాదంతా ఆయనే.”

“నొక్కేది తెలిస్తే సాలు గదా?”

చాలదు. కన్ను కుదర్చడం, వెలుతురు చూసుకోవడం, మందు కలపడం, ఇవన్నీ పక్కనుండి చూసినవే గాని చేసినవి కావు. మిగిలిన ప్లేట్లలో రెండు నల్లగా పోయాయి. మూడోదాని ముందు ముసలామె బిగుసుకుని కూర్చుంది. హసీనాబీ బుడ్డి చేతిలో పట్టుకుని, ఆమెతో ఏవో కబుర్లు చెబుతూ, చేటలో బియ్యం ఏరుతున్నంత తీరిగ్గా నిలబడింది. ముసలామె కెమెరాను మరిచిపోయి, కూతురు ఏదో అంటే అటు తిరగబోతూ ఒక్క రెప్పపాటు ఆగింది. హసీనాబీ నొక్కింది. ఆ ఫోటోలో ఆమె నవ్వడానికి ముందున్న ముఖంతో ఉంది. చిన్నక్క దాన్ని వీధంతా తిప్పి చూపించింది. ఆ తర్వాత హిందూపురంలో ఆడవాళ్ళు, ఒకచోట కుదురుగా ఉండని చంటిపిల్లలు ఆ స్టూడియోకు వచ్చేవాళ్ళు. యుద్ధం అయిపోయి ప్లేట్లు మళ్ళీ వచ్చేసరికి, పెళ్ళివాళ్ళు కూడా ఆడవాళ్ళ వైపుకు ఆమెనే పిలవడం మొదలుపెట్టారు. అట్లా ఆమె ఊళ్ళు తిరిగింది. తిరిగిన ఊళ్ళ పిట్టలన్నీ ‘ఇంట్లో చూసినవి’ కిందే రాసేది. ఆ శీర్షిక మారుద్దామా అని ఓబుళప్ప అడిగితే వద్దంది.

నలభై ఏడు ఏప్రిల్‌లో ముగ్గురూ, వాళ్ళతో పాటు ఓబుళప్ప భార్య కదిరమ్మా, చిలమత్తూరు వైపు ఒక పల్లెకు ఎర్రకాళ్ళ కొంగల్ని చూడటానికి పోయారు. బొగ్గుతో నడిచే బస్సు దిగి ఎద్దులబండి ఎక్కారు. ఊరి మధ్యన, ఇళ్ళ మీదికి వాలిన చింతచెట్ల నిండా గూళ్ళు. కింద ఆడవాళ్ళు కళ్ళాపి చల్లుకుంటున్నారు, పైన కొంగలు పిల్లల్ని పెంచుకుంటున్నాయి. ఒకామె నోటి మీద వేలు పెట్టి, “నెమ్మదిగా మాట్లాడండి. మా ఊరికి పురుడుకొచ్చినాయి” అంది.

గంగాధరప్ప, ఓబుళప్ప గూళ్ళు లెక్కపెట్టడంలో పడ్డారు. ఒకరికి నలభై ఒకటి వచ్చాయి, ఒకరికి ముప్పై ఎనిమిది. మళ్ళీ మొదటి నుంచి. హసీనాబీ, కదిరమ్మ ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఒక్క గూటినే చూశారు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

తిరుగు ప్రయాణంలో బండిలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆమె రాస్తోంది. బండి కుదుపుకు అక్షరాలు ఎగిరిపడుతున్నాయి.

“ఏం రాసినావక్కా?” అన్నాడు ఓబుళప్ప. “మా లెక్కలో యాది సరి?”

“నేను లెక్కపెట్టలేదప్పా. ఒకటే చూసినా.” ఆమె చదివింది: “‘తల్లి గూటి అంచున ఎండకు వీపు పెట్టి రెండు రెక్కలూ చాపి నిలబడె. పిల్లలు మూడూ దాని నీడలో పండుకొనె. నీడ జరిగే కొద్దీ అదీ జరుగుతాండె. రెండోది చెరువు నుంచి గొంతులో నీళ్ళు తెచ్చి పిల్లల మీద పోసె.’”

కదిరమ్మ అవునన్నట్టు తల ఊపింది.  గంగాధరప్ప, “నీళ్ళు పోసిందా? పిల్లల మీదా?” అన్నాడు.

“పోసె సార్. మూడుమాట్లు.”

“నేను చూడలేదే!” బండి తోలే మారప్ప భుజం తట్టాడు. “తిప్పప్పా బండి.”

“ఏం సార్, బస్సు తప్పిపోతాది.”

“రేపటి బస్సుంది. తిప్పు.”

మారప్ప గొణుక్కుంటూ ఎద్దుల పగ్గం లాగాడు. బండి దుమ్ములో గుండ్రంగా తిరిగి, చింతచెట్ల వైపు నడిచింది. హసీనాబీ పుస్తకం మూసి కదిరమ్మ చేతికిచ్చి, కెమెరా సంచిని కుదుపు తగలకుండా రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుంది.